సల్ఫేట్‌కి నాలుగు, నైట్రేట్‌కి మూడు ఎందుకు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమ్మాయి తొమ్మిదో తరగతి. కాల్షియం నైట్రేట్ ఫార్ములాలో బ్రాకెట్ పెట్టనందుకు మార్కు పోయింది. సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్ మూడూ కలిపేస్తోంది. ట్యూషన్‌లో ముప్పై అయాన్ల (ప్లస్ లేదా మైనస్ చార్జి మోసే కణాల) పట్టిక చేతికిచ్చి బట్టీ పట్టమన్నారు. రాత్రి అప్పజెప్పింది పొద్దున్నకి గుర్తుండటం లేదు. "ఇదంతా బట్టీయేనా, వెనక ఏమైనా లాజిక్ ఉందా?" అని అడిగారు.

లాజిక్ ఉంది. బట్టీ పట్టాల్సినవీ కొన్ని ఉన్నాయి, కానీ ముప్పై మాత్రం కాదు. నేను హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకి ఇరవై ఆరేళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఏటా ఫస్టియర్‌కి వచ్చే కొత్త బ్యాచ్‌లో ఇదే తప్పు, ఇదే టెన్షన్. తర్వాత ఎంసెట్‌లో మంచి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు కూడా, అల్యూమినియం సల్ఫేట్‌లో ఆక్సిజన్లు ఎన్ని అని హఠాత్తుగా అడిగితే పైకప్పు కేసి చూసేవారు. కాబట్టి అమ్మాయిని కోప్పడకండి. ఫార్ములాలు ఇక్కడ మనం నోటితో పలికినట్టే రాస్తున్నాను, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో వేసుకుంటూ చదవండి.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, బ్రాకెట్ తప్పూ, పేర్ల గందరగోళమూ రెండు వేర్వేరు సమస్యలు కావు. ఎన్‌ఓ3 అని చూడగానే ఆమెకి ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్లు కనిపిస్తున్నాయి. కనిపించాల్సింది ఒకే ఒక్క వస్తువు. పుస్తకంలో 'బహుపరమాణుక అయాన్' అన్న పేరు చూసి పిల్లలు జడుసుకుంటారు గానీ అర్థం ఇంతే: కొన్ని పరమాణువులు తమలో తాము గట్టిగా ముడిపడి, అందరికీ కలిపి ఒక చార్జి మోస్తూ, ఒకే ముక్కగా తిరిగేది. లోపల ఉన్నవి సమయోజనీయ బంధాలు, అంటే ఎలక్ట్రాన్లు పంచుకుని కట్టుకున్నవి. బయట సోడియంతోనో కాల్షియంతోనో ఉన్నది ప్లస్, మైనస్‌ల ఆకర్షణ. సోడియం నైట్రేట్‌ని నీళ్ళలో వేస్తే ఆ బయటి పట్టు వదులుతుంది, లోపలి ముడి వదలదు. గ్లాసులో ఈదేవి రెండే రకాలు: సోడియం ఒకటి, నైట్రేట్ ఒకటి. విడి నైట్రోజన్ గానీ, విడి ఆక్సిజన్ గానీ అందులోంచి రాలిపడవు.

ఇది మాటల్లో చెబితే తలూపుతారు, నమ్మరు. అందుకే నేను బోర్డు మీద ఏమీ రాయకుండా ముందు ల్యాబ్‌కి తీసుకెళ్ళేదాన్ని. మూడు టెస్ట్ ట్యూబులు. ఒకదాంట్లో మైలుతుత్తం నీళ్ళు, నీలంగా. రెండోదాంట్లో పటిక నీళ్ళు. మూడోదాంట్లో సోడియం సల్ఫేట్. ఒకటి రాగిది, ఒకటి అల్యూమినియందీ పొటాషియందీ, ఒకటి సోడియందీ. వీటికి చుట్టరికం ఏమిటని అడిగితే ఎవరూ నోరు మెదపరు. మూడింట్లోనూ రెండేసి చుక్కలు బేరియం క్లోరైడ్ వేస్తే, మూడింట్లోనూ పాలు విరిగినట్టు అదే తెల్లటి అవక్షేపం, అంటే కరగకుండా విడిపోయే పొడి. మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసినా కరగదు. పక్కన ఎవరున్నారన్నదానితో సంబంధం లేకుండా, మూడు చోట్లా పలికింది ఒకరే, సల్ఫేట్. తనకంటూ ఒక గుణం ఉన్న వస్తువది. అదే సోడియం సల్ఫైడ్ తీసుకుంటే ఈ తెలుపు రాదు. దాంట్లో యాసిడ్ పోస్తే కుళ్ళిన గుడ్ల కంపుతో ల్యాబంతా ఖాళీ అవుతుంది. ఒకసారి ఆ వాసన పీల్చిన పిల్ల జన్మలో సల్ఫైడ్‌నీ సల్ఫేట్‌నీ కలపదు. ఇంట్లో మాత్రం ఇవేవీ చేయొద్దు. బేరియం క్లోరైడ్ విషం, ఆ కంపు గ్యాసూ ప్రమాదమే.

ఇప్పుడు బ్రాకెట్. కాల్షియానికి ప్లస్ రెండు, నైట్రేట్‌కి మైనస్ ఒకటి. సరితూగాలంటే నైట్రేట్లు రెండు కావాలి. రెండు కావాల్సింది 'నైట్రేట్' అనే మొత్తం వస్తువు గనక దాన్ని మూటకట్టి బయట 2 వేస్తాం: సీఏ(ఎన్‌ఓ3)2. మూట కట్టకుండా సీఏఎన్‌ఓ32 అని రాస్తే చదివేవాడికి ఒక నైట్రోజన్, ముప్పై రెండు ఆక్సిజన్లు. మార్కు తీసేసిన టీచర్‌ది తప్పేమీ కాదు. ఒక్కటే ఉన్నప్పుడు మూట అక్కర్లేదు, సోడియం నైట్రేట్‌కి బ్రాకెట్ రాదు. హైడ్రాక్సైడ్ దగ్గర పిల్లలు ఇంకో తప్పు చేస్తారు: కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మన సున్నం, దాన్ని సీఏఓహెచ్2 అంటారు. అప్పుడు ఆక్సిజన్ ఒకటే మిగిలింది. క్రిస్‌క్రాస్ పద్ధతి, అంటే ఒకరి చార్జి అంకెని ఇంకొకరి కింద వేయడం, నేర్పడం వల్ల వచ్చే చిక్కు ఇది. అంకెలు అటూ ఇటూ మార్చడం చేతికి అలవాటవుతుంది, ఏ వస్తువులు ఎన్ని అన్న ప్రశ్న బుర్రలోంచి జారిపోతుంది. నాకా పద్ధతి మీద మొదటినుంచీ పెద్ద గౌరవం లేదు.

అసలు ప్రశ్న చార్జిది. సల్ఫేట్‌కి మైనస్ రెండు, ఫాస్ఫేట్‌కి మైనస్ మూడు, నైట్రేట్‌కి మైనస్ ఒకటి అని ఎవరు నిర్ణయించారు? దీనికి తొమ్మిదో తరగతి పిల్లకి అందే లెక్క ఒకటుంది. ప్రతి పరమాణువూ చుట్టూ ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండాలని చూస్తుందని ఆమె చదివే ఉంటుంది. సల్ఫేట్‌లో ఆక్సిజన్లు నాలుగు. నాలుగెనిమిదులు ముప్పై రెండు. ఆ గుంపుకి కావాల్సిన బయటి ఎలక్ట్రాన్లు అవి. మధ్యలో ఉన్న సల్ఫర్ తన ఎనిమిదిని ఈ నాలుగింటితో పంచుకునే జంటల్లోంచే చూసుకుంటుంది. చేతిలో ఉన్నవెన్ని? ఒక్కో ఆక్సిజన్ ఆరు తెస్తుంది, నాలుగూ కలిసి ఇరవై నాలుగు. సల్ఫర్ ఆరు. మొత్తం ముప్పై. రెండు తక్కువ. ఆ రెండూ బయటినుంచి తెచ్చుకోవాలి, అదే మైనస్ రెండు.

ఇదే లెక్క సల్ఫర్‌కి ఎడమ పక్కింట్లో చేయమనండి. ఫాస్ఫరస్ ఐదే తెస్తుంది, మొత్తం ఇరవై తొమ్మిది, మూడు తక్కువ: ఫాస్ఫేట్ మైనస్ మూడు. ఇంకొక ఇల్లు ఎడమకి, సిలికాన్ నాలుగు తెస్తుంది: ఎస్ఐఓ4, మైనస్ నాలుగు. సల్ఫర్‌కి కుడి పక్కన క్లోరిన్ ఏడు తెస్తుంది: సీఎల్ఓ4, మైనస్ ఒకటి. నాలుగు, మూడు, రెండు, ఒకటి. పీరియాడిక్ టేబుల్‌లో మూడో వరసలో వరసగా నాలుగు ఇళ్ళు, చార్జి మెట్లు దిగినట్టు దిగుతుంది. బోర్డు మీద ఈ వరస పూర్తయ్యేసరికి క్లాసులో ఎవరో ఒకరు "ఓహ్" అనేవారు. నాకు జీతం కంటే అదే ఎక్కువనిపించిన రోజులున్నాయి.

మరి కార్బొనేట్‌కీ నైట్రేట్‌కీ ఆక్సిజన్లు మూడే ఎందుకు? కార్బన్, నైట్రోజన్ రెండో వరసవాళ్ళు, పరమాణువు చిన్నది. చిన్న గదిలో నాలుగు మంచాలు పట్టనట్టు, దాని చుట్టూ మామూలుగా మూడు ఆక్సిజన్లకే చోటు. మూడెనిమిదులు ఇరవై నాలుగు కావాలి. ఆక్సిజన్లవి పద్దెనిమిది, కార్బన్‌వి నాలుగు, మొత్తం ఇరవై రెండు: కార్బొనేట్ మైనస్ రెండు. నైట్రోజన్ ఐదు తెస్తుంది, ఇరవై మూడు: నైట్రేట్ మైనస్ ఒకటి. మీ అమ్మాయి పట్టికలో ఉన్న ముఖ్యమైన అయాన్లలో ఐదారు ఈ ఒక్క పేజీలోనే తేలిపోయాయి.

తెచ్చుకున్న ఆ ఎలక్ట్రాన్ ఎవరి దగ్గర ఉంటుందని కొందరు తెలివైన పిల్లలు అడుగుతారు. పంచుకోని ఉమ్మడి ఆస్తి లాంటిది, ఫలానా తమ్ముడిదని చెప్పలేం. నైట్రేట్ బొమ్మ గీసినప్పుడు ఒక ఆక్సిజన్‌కి రెండు గీతలు, మిగతా రెంటికీ ఒక్కో గీత వేస్తాం. కానీ కొలిచి చూస్తే మూడు బంధాల పొడవూ ఒకటే, సుమారు 1.24 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక్క గీత బంధం కంటే పొట్టి, రెండు గీతల బంధం కంటే పొడుగు. మైనస్ చార్జి మూడు ఆక్సిజన్ల మీదా సమానంగా పరుచుకుని ఉంది. ఇంటర్‌లో దీన్నే రెజొనెన్స్ అంటారు, ఇప్పుడు ఆమెకి ఇంత చాలు.

పేర్ల దగ్గరకి వద్దాం. 'ఏట్' అంటే ఆక్సిజన్ ఎక్కువున్నది, 'ఐట్' అంటే తక్కువున్నది, 'ఐడ్' అంటే సాధారణంగా ఆక్సిజన్ లేని ఒంటరి పరమాణువు. సల్ఫేట్ ఎస్ఓ4, సల్ఫైట్ ఎస్ఓ3, సల్ఫైడ్ ఉత్త ఎస్. ఎక్కువ అంటే ఎన్ని అన్నది పేరులో లేదు, పిల్లలకి కోపం వచ్చేది ఇక్కడే. దానికి కారణం చరిత్రలో ఉంది. ఈ పేర్ల పద్ధతిని 1787లో పారిస్‌లో లవోయిజే, గ్యుటన్ ద మోర్వో, బెర్తొలె, ఫుర్‌క్రువా అనే నలుగురు కలిసి ఖాయం చేశారు. అప్పటికి డాల్టన్ పరమాణు సిద్ధాంతమే రాలేదు. ఎలక్ట్రాన్ బయటపడటానికి ఇంకా నూట పదేళ్ళుంది. ఆక్సిజన్ ఎక్కువా తక్కువా అని మాత్రమే వాళ్ళకి తెలుసు, ఎన్ని పరమాణువులని లెక్కపెట్టే దారి లేదు. లెక్కపెట్టలేని కాలంలో పెట్టిన పేర్లతో మనం ఇవాళ లెక్కపెట్టిన వస్తువుల్ని పిలుస్తున్నాం.

ఏట్ నుంచి ఐట్‌కి వస్తే ఆక్సిజన్ ఒకటి తగ్గుతుంది, చార్జి మాత్రం మారదు. సల్ఫేట్ మైనస్ రెండు, సల్ఫైట్ కూడా మైనస్ రెండే. నైట్రేట్, నైట్రైట్ రెండూ మైనస్ ఒకటే. వెళ్ళిపోయిన ఆక్సిజన్ తన ఆరు ఎలక్ట్రాన్లు తాను పట్టుకుని, ఏ చార్జీ లేని పరమాణువుగా పోయినట్టు లెక్క. ఇంట్లో అప్పు అలాగే ఉంది. హైడ్రోజన్ విషయం వేరు. అది ప్లస్ ఒకటితో హైడ్రోజన్ అయాన్‌గా వచ్చి చేరుతుంది కాబట్టి ఒక మైనస్ తీరుతుంది. కార్బొనేట్ మైనస్ రెండు, హైడ్రోజన్ చేరిన బైకార్బొనేట్ మైనస్ ఒకటి. అమ్మోనియా గ్యాసుకి చార్జి లేదు, అదే హైడ్రోజన్ అయాన్ చేరితే అమ్మోనియం, ప్లస్ ఒకటి. ఆమె పట్టికలోని బహుపరమాణుక అయాన్లలో ప్లస్ చార్జి ఉన్నది బహుశా ఇదొక్కటే అయి ఉంటుంది.

'బై' అన్న ముక్క చూసి రెండు కార్బొనేట్లు అనుకుంటారు, కాదు. ఒకే మోతాదు సోడియానికి మామూలు కార్బొనేట్‌లో కంటే ఇందులో కార్బొనేట్ రెట్టింపు ఉందని పాతవాళ్ళు పెట్టిన పేరది. హైడ్రోజన్ కార్బొనేట్ అని నేర్పిస్తే ఈ బాధే ఉండదు. కానీ వంటసోడా డబ్బా మీద ఇప్పటికీ బైకార్బొనేట్ అనే ఉంటుంది, ఏం చేస్తాం.

మోసం చేసేవి రెండున్నాయి: హైడ్రాక్సైడ్, సైనైడ్. పేరు చివర ఐడ్ ఉన్నా ఇవి రెండేసి పరమాణువుల గుంపులు. వీటికి లాజిక్ వెతకొద్దు, గుర్తుపెట్టుకోవడమే.

ఇంట్లో చూపించడానికి మీకు ల్యాబ్ అక్కర్లేదు. మీది బోరు నీళ్ళయితే గీజర్ రాడ్ మీదో, నీళ్ళు కాచే కెటిల్ అడుగునో తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. ఆ నీళ్ళలో ఉన్నది కాల్షియం బైకార్బొనేట్, సీఏ(హెచ్‌సీఓ3)2. ఇక్కడా మూటలు రెండే, చూడండి. అది కరిగి ఉన్నంతసేపూ నీళ్ళు తేటగా ఉంటాయి. వేడి తగలగానే రెండు బైకార్బొనేట్లలో ఒకటి తన హైడ్రోజన్‌ని రెండోదానికి ఇచ్చేసి కార్బొనేట్ అవుతుంది, పుచ్చుకున్నది నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. మిగిలిన కాల్షియం కార్బొనేట్ నీళ్ళలో కరగదు, అక్కడే పేరుకుంటుంది. చల్లారిన కెటిల్‌లో ఆ పెచ్చు మీద నిమ్మచెక్క పిండి చెవి దగ్గర పెట్టుకోమనండి. సన్నగా చిటచిటమంటుంది. యాసిడ్ ఇచ్చిన హైడ్రోజన్‌ని పుచ్చుకుని కార్బొనేట్ మళ్ళీ గ్యాసై పోతున్న చప్పుడది. అదే కాల్షియం సల్ఫేట్ రూపంలో ఉంటే ఎంత కాచినా ఇలా విడిపోదు, అందుకే దాన్ని శాశ్వత కాఠిన్యం అంటారు. కాల్షియం ఒకటే, పక్కనున్న అయాన్ మారితే కథ మారింది.

అయాన్‌ని ముక్కలుగా చూడటం వల్ల పెద్దవాళ్ళూ ఎలా బోల్తా పడతారో మా తార్నాక అపార్ట్‌మెంట్‌లో చూశాను. బోరు నీళ్ళ మీద అనుమానం వచ్చి అసోసియేషన్ వాళ్ళు శాంపిల్‌ని రెండు ల్యాబులకి పంపారు. ఒక రిపోర్టులో నైట్రేట్ లీటరుకి 60 మిల్లీగ్రాములు. రెండోదాంట్లో 13.5. ఆదివారం మీటింగ్‌లో గొడవ. రెండో ల్యాబ్ వాళ్ళు డబ్బు తిన్నారని ఒకాయన, మొదటి ల్యాబ్ వాళ్ళకి మిషన్లే లేవని ఇంకొకాయన. సెక్రటరీ గారు ఇద్దరి మధ్యా నిలబడి టీ కప్పు చేత్తో పట్టుకుని బిక్కమొహం వేశారు. నేను కాగితాలు అడిగి చూశాను. రెండో రిపోర్టులో చిన్న అక్షరాలతో 'నైట్రోజన్‌గా' అని ఉంది. అంటే వాళ్ళు నైట్రేట్ మొత్తం బరువు కాకుండా, అందులోని నైట్రోజన్ బరువు మాత్రమే చెప్పారు.

రిపోర్టు వెనకే లెక్క వేశాను. నైట్రోజన్ 14, ఆక్సిజన్లు మూడు పదహార్లు 48, నైట్రేట్ మొత్తం 62. అరవైని 62తో భాగించి 14తో గుణిస్తే పదమూడున్నర. రెండు ల్యాబులూ ఒకే మాట చెప్పాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో హద్దు నైట్రేట్‌గా 45 మిల్లీగ్రాములు. అమెరికా వాళ్ళు నైట్రోజన్‌గా 10 అంటారు, దాదాపు అదే సంగతి. 13.5ని తీసుకెళ్ళి 45తో పోల్చి "చాలా తక్కువుంది, హాయిగా తాగొచ్చు" అన్నవాళ్ళు మా మీటింగ్‌లోనే ఇద్దరున్నారు. ఒక ఫ్లాట్‌లో మూడు నెలల పాప ఉంది. నైట్రేట్ ఒంట్లో ఆక్సిజన్ ఒకటి పోగొట్టుకుని నైట్రైట్ అవుతుంది, అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. పసిపిల్లలకి ఇది ప్రాణం మీదకి రావచ్చు, ఒళ్ళు నీలంగా మారుతుంది. కాచితే నైట్రేట్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆ రోజు నుంచే పాపకి క్యాన్ నీళ్ళు తెప్పించారు. ఏట్‌కీ ఐట్‌కీ తేడా ఒక్క ఆక్సిజనే కదా అని మీ అమ్మాయి అంటే ఈ సంగతి చెప్పండి.

బేరియం గురించి కూడా ఒక్క మాట. కడుపు ఎక్స్‌రేకి ముందు ఆసుపత్రిలో తాగించే తెల్లటి ద్రవం బేరియం సల్ఫేట్. బేరియం కార్బొనేట్ ఎలుకల మందు. కార్బొనేట్‌ని కడుపులో యాసిడ్ కరిగించి బేరియాన్ని రక్తంలోకి వదులుతుంది, సల్ఫేట్‌ని అదే యాసిడ్ ఏమీ చేయలేదు. టెస్ట్ ట్యూబులో యాసిడ్ పోసినా కరగని ఆ తెలుపే ఇది.

ఇక బట్టీ పట్టాల్సినవి. కార్బొనేట్, నైట్రేట్, ఫాస్ఫేట్, సల్ఫేట్, ఈ నాలుగూ అంకెతో చార్జితో సహా నోటికి రావాలి. లెక్క తెలిసినా పరీక్షలో ప్రతిసారీ వేసుకునే టైమ్ ఉండదు. వీటికి హైడ్రాక్సైడ్, అమ్మోనియం, ఎసిటేట్ కలపండి. ఐట్‌లు, బైకార్బొనేట్, హైడ్రోజన్ ఫాస్ఫేట్ లాంటివి వీటినుంచే పుట్టించుకోవచ్చు. పర్మాంగనేట్, డైక్రోమేట్ పై క్లాసుల్లో ఎలాగూ ల్యాబ్‌లో చేత్తో పట్టుకుంటుంది, రంగుతో సహా గుర్తుంటాయి. క్లోరిన్ కుటుంబం మాత్రం తిక్కది. వరస ప్రకారం సీఎల్ఓ4 క్లోరేట్ అవ్వాలి, కానీ క్లోరేట్ అన్న పేరు సీఎల్ఓ3 కొట్టేసింది, నాలుగుది పెర్‌క్లోరేట్ అయింది. కింద రెండుది క్లోరైట్, ఒకటిది హైపోక్లోరైట్. ఈ చివరిదే మన బ్లీచింగ్ పౌడర్‌లో ఉండేది. నాలుగింటికీ చార్జి మైనస్ ఒకటే.

రేపు ఒక కాగితం ఇచ్చి అమ్మోనియం ఫాస్ఫేట్ రాయమనండి. పట్టిక చూడనివ్వకండి, ఎలక్ట్రాన్లు లెక్కపెట్టుకోనివ్వండి, ఎంత టైమ్ తీసుకున్నా పర్వాలేదు. రాశాక ఫార్ములా సరిగ్గా ఉందా అని అడగకండి, మొత్తం హైడ్రోజన్లు ఎన్ని అని అడగండి. పన్నెండు అంటే బ్రాకెట్ అర్థమైనట్టే. నాలుగు అంటే మూట ఇంకా విప్పే ఉంది, పటిక నీళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ ఒకసారి చదివించండి.